వెర్నర్ వింజీ: చూపు మీద మరో చూపు

వైజ్ఞానిక కల్పన రాసేవారిని జోస్యులుగా చూడడం పరిపాటి. మనిషి చంద్రమండలానికి ప్రయాణం కడతాడని జూల్స్ వెర్న్ 1865లోనే రాశాడు కదా అంటారు. చరిత్ర చదివేవారికి ఈ దృష్టి అంతగా ఉపకరించదు. చెప్పింది ఫలించిందా లేదా అని లెక్క చూడడం సులభమే. అయితే ఒక రచయిత ఒకానొక యంత్రం మీద ఎందుకు మనసు పడ్డాడు, ఆ మోజు ఏ ప్రశ్నలోంచి పుట్టింది, చివరికి అతన్ని ఎక్కడికి చేర్చింది అని విచారించడం వల్ల ఎక్కువ ప్రయోజనం ఉంది. అమెరికన్ రచయిత వెర్నర్ వింజీ (1944–2024)కి ‘ఆగ్మెంటెడ్ రియాలిటీ’ అనే విద్య మీద ఉండిన ఆసక్తిని ఈ వ్యాసంలో ఆ దృష్టితో పరిశీలిస్తాం. ఇంట్లో ఒక భాష, వీధి బోర్డుల మీద మరొక భాష ఉన్న ఊళ్లలో చదువుకుంటున్న మన పాఠకులకు ఇది ఎందుకు దగ్గరి సంగతో చివరి భాగంలో తెలుస్తుంది.

మాట, దాని అర్థం

ముందుగా మాటను తేల్చుకుందాం. కంప్యూటర్ సృష్టించిన లోకంలోకి మనిషిని పూర్తిగా తీసుకుపోయేది వర్చువల్ రియాలిటీ. అక్కడ మన గది, కిటికీ, వీధి ఏవీ కనిపించవు. ఆగ్మెంటెడ్ రియాలిటీ తీరు వేరు. గది అట్లాగే ఉంటుంది, కిటికీ అట్లాగే ఉంటుంది. వాటి మీద కంప్యూటర్ మరికొన్ని గీతలో, అక్షరాలో, బొమ్మలో చేర్చి చూపుతుంది. దీన్ని ‘అధివాస్తవం’ అందామంటే, సాహిత్య విమర్శలో అధివాస్తవికత అన్న మాట సర్రియలిజానికి ఎప్పుడో స్థిరపడిపోయింది. అందుచేత ఈ వ్యాసంలో ఇంగ్లీషు పేరునే వాడుతూ, అవసరమైన చోట ‘చేర్పు’ అంటాం.

ఈ పేరు విమానాల కర్మాగారంలో పుట్టింది. బోయింగ్ సంస్థలో పనిచేసిన టామ్ కౌడెల్, డేవిడ్ మైజెల్ 1992లో ప్రకటించిన పత్రంతో ఇది ప్రచారంలోకి వచ్చింది. విమానంలో అమర్చే తీగల కట్టలను పనివారు పెద్ద పెద్ద చెక్కబల్లల మీద పరిచి కట్టేవారు. ఏ తీగ ఎటు పోవాలో చూపే పటాలను ఆ బల్లలకు అతికించేవారు. విమానం నమూనా మారితే బల్లా మారాలి. పనివాడి తలకు ఒక పారదర్శకమైన తెర తగిలించి, తీగ పోవలసిన దారిని ఖాళీ బల్ల మీద గీసినట్టు చూపితే ఈ శ్రమ తప్పుతుందని వారి ఆలోచన. 1997లో రోనాల్డ్ అజుమా ఈ విద్యకు మూడు లక్షణాలు చెప్పాడు. నిజమైనదీ కల్పితమైనదీ కలిసి కనిపించాలి. మనం కదిలిన క్షణానే అది స్పందించాలి. చేర్పు మూడు దిక్కుల కొలతల్లోనూ తన చోటున కుదురుగా నిలవాలి. ఈ నిర్వచనం నేటికీ వాడుకలో ఉంది.

తెలుగువారికి ఈ ఊహ మరీ కొత్తది కాదు. మన పల్లెల్లో అంజనం వేయించేవారు. అంజనం పెట్టినచోట చూస్తే పోయిన సొమ్మో, పాతిపెట్టిన లంకెబిందెలో కనబడతాయని నమ్మేవారు. లోకం మారదు, చూపు మారుతుంది. అయితే అంజనంలో కనబడింది నిజమో కాదో తేల్చేది ఎవరు? అంజనం వేసేవాడి మాటే ప్రమాణం. ఈ ప్రశ్నను పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాం. వింజీ కథ కూడా తిరిగి తిరిగి ఇక్కడికే వస్తుంది.

యంత్రానికి ముందు కథ

వింజీకి ముందు ఈ దారిలో నడిచినవారు ఉన్నారు. ‘ఓజ్’ కథలతో పేరు పొందిన ఎల్. ఫ్రాంక్ బామ్ 1901లో ‘ది మాస్టర్ కీ’ అనే బాలల నవల రాశాడు. విద్యుత్తుతో ఆటలాడే రాబ్ అనే కుర్రవాడి ఎదుట అనుకోకుండా విద్యుత్ భూతం ప్రత్యక్షమై కొన్ని బహుమానాలు ఇస్తుంది. వాటిలో ఒకటి కళ్లజోడు. అది పెట్టుకుని ఎవరిని చూసినా, వారు మంచివారో చెడ్డవారో, తెలివైనవారో కారో సూచించే అక్షరం వారి నుదుట కనబడుతుంది. చివరికి రాబ్ ఆ బహుమానాలను భూతానికే తిరిగి ఇచ్చేస్తాడు. నుదుటి రాత చదవడం అనే మాట మన భాషలో ఉండనే ఉంది. బామ్ దానికి ఒక యంత్రం కల్పించాడు.

నిజమైన యంత్రం రావడానికి మరో 67 ఏళ్లు పట్టింది. 1968లో ఐవాన్ సదర్లాండ్ తలకు తగిలించుకునే త్రిపరిమాణ తెరను గురించి పత్రం ప్రకటించాడు. సగం పూత పూసిన అద్దాల్లోంచి గదీ కనబడేది, గదిలో తేలుతున్నట్టు గీతలతో గీసిన ఘనాకారమూ కనబడేది. తల ఎటు తిరిగిందో కొలిచే లోహదండం పైకప్పు నుంచి వేలాడేది. దానికి ‘డామొక్లిస్ ఖడ్గం’ అని పేరు పడింది. ఇంటి కప్పుకు కట్టేసిన ఈ యంత్రాన్ని వీధిలోకి తీసుకుపోవడానికి చాలా కాలం పట్టింది. కానీ కాగితం మీద ఆ పని చేయడానికి రచయితలకు అడ్డేముంది?

లెక్కల ఆచార్యుడు

వింజీ వృత్తి రీత్యా గణితశాస్త్రజ్ఞుడు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని వాకెషాలో పుట్టాడు. 1971లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియేగో శాఖలో గణితంలో డాక్టరేట్ పొందాడు. శాన్ డియేగో స్టేట్ విశ్వవిద్యాలయంలో గణితమూ, తరువాత కంప్యూటర్ శాస్త్రమూ బోధించాడు. పూర్తికాలం రచనకోసం 2000లో ఉద్యోగ విరమణ చేశాడు. తరగతి గది అనుభవం అతని రచనల్లో స్పష్టంగా కనిపిస్తుంది. ఆగ్మెంటెడ్ రియాలిటీని అతడు యుద్ధరంగంలో కాక బడిలో పెట్టి చూపించడం ఇందుకు సాక్ష్యం.

అతని ఆసక్తి ఒక్కసారిగా పుట్టింది కాదు. 1966లో ‘అనలాగ్’ పత్రికలో వచ్చిన ‘బుక్‌వార్మ్, రన్!’ అనే తొలినాటి కథలో ఒక చింపాంజీ మెదడును కంప్యూటర్‌తో కలుపుతారు. దానికి మనిషికి మించిన జ్ఞాపకం వస్తుంది. 1981లో వచ్చిన ‘ట్రూ నేమ్స్’ అనే పెద్దకథలో కంప్యూటర్ల జాలంలోకి ప్రవేశించినవారు మాంత్రికుల వేషాల్లో తిరుగుతారు. అసలు పేరు శత్రువుకు తెలిస్తే అక్కడివారి బలం పోతుంది. ఇక్కడ మనిషి ఈ లోకం వదిలి ఆ లోకంలోకి పోతాడు. 2001లో తన కథల సంపుటంలో చేర్చిన ‘ఫాస్ట్ టైమ్స్ ఎట్ ఫెయిర్‌మాంట్ హై’ నాటికి దారి తిరగబడింది. ఆ లోకమే ఇక్కడికి వచ్చి వీధుల మీద, చెట్ల మీద, బడి గోడల మీద పరుచుకుంటుంది. ఇరవై ఏళ్లలో వచ్చిన ఈ మలుపే అతని సాహిత్య చరిత్రలో ముఖ్యమైనదని మేము భావిస్తున్నాం.

ఈ మలుపుకు కారణం 1993లో అతడు సమర్పించిన ఒక పత్రంలో దొరుకుతుంది. నాసా పరిశోధన కేంద్రం ఒకటి సహాయం చేసిన సదస్సులో చదివిన ఆ పత్రం ‘సింగ్యులారిటీ’ అన్న భావనకు ప్రచారం తెచ్చింది. మనిషిని మించిన బుద్ధి నాలుగు దారుల్లో రావచ్చునని అతడు చెప్పాడు: స్వయంగా మేలుకునే కంప్యూటర్లు, కంప్యూటర్ల పెద్ద జాలాలు, మనిషికీ కంప్యూటర్‌కీ మధ్య అతి సన్నిహితమైన అనుసంధానం, జీవశాస్త్రం ద్వారా మెదడును మెరుగుపరచడం. వీటిలో మూడవదాన్ని అతడు బుద్ధికి చేయూత అన్నాడు. విడిగా ఒక యంత్రబుద్ధిని తయారుచేయడం కంటే మనిషి బుద్ధికి యంత్రాన్ని జోడించడం సులభమైన దారి అని అతని వాదన. ఆ దృష్టితో చూస్తే ఆగ్మెంటెడ్ రియాలిటీ ఒక తమాషా కళ్లజోడు కాదు. మనిషి మెదడుకు యంత్రం దగ్గరగా చేరే ద్వారాల్లో కన్ను ఒకటి.

2025 నాటి బడి

2006లో వచ్చిన ‘రెయిన్‌బోస్ ఎండ్’ నవలలో ఈ ఆలోచనలన్నీ కలిశాయి. 2007లో దీనికి హ్యూగో పురస్కారం లభించింది. కథాకాలం 2025, స్థలం అతని సొంత ఊరైన శాన్ డియేగో. కథానాయకుడు రాబర్ట్ గూ పేరుపొందిన కవి, చైనా సంతతి అమెరికన్. అల్జీమర్స్ వ్యాధితో మనసు మరుగున పడిపోయిన అతన్ని కొత్త వైద్యం తిరిగి లేపుతుంది. ఒళ్లు పడుచువాడిలా అవుతుంది. కానీ లేచిన లోకం అతనిది కాదు. అందరి కళ్లలో తెరగా పనిచేసే కాంటాక్ట్ లెన్సులు, ఒంటి మీది బట్టల్లో కంప్యూటర్లు. పెదవి కదపకుండా కబుర్లు పంపుకుంటారు. ఒకే వీధి ఒకరికి కోటగా, మరొకరికి అడవిగా కనిపిస్తుంది. కొత్తగా పలకాబలపం పట్టినవాడిలా ఆ వృద్ధకవి ఫెయిర్‌మాంట్ హైస్కూల్లో పిల్లల పక్కన కూర్చుని ఈ విద్య నేర్చుకోవలసి వస్తుంది. మనవరాలు మీరీ అతన్ని దారిలో పెట్టడానికి ప్రయత్నిస్తుంది.

వింజీ దృష్టి ఎంత నిశితమో ఇక్కడ తెలుస్తుంది. వైద్యం గూకి ఆరోగ్యం ఇచ్చింది, కవిత్వాన్ని తిరిగి ఇవ్వలేదు. దాని చోట అంతకు ముందు లేని యాంత్రిక నైపుణ్యం వచ్చింది. పూర్వం ఇంటివారి మనసు గాయపరచి ఆనందించిన మనిషి, కవిత్వం పోయిన తరువాత కొంత మెత్తబడతాడు. ఇది లాభమా, నష్టమా? రచయిత తీర్పు చెప్పడు. చేర్పు ఏదైనా ఒకటి ఇచ్చి మరొకటి తీసుకుంటుందన్న ఎరుక మాత్రం నవల అంతటా ఉంటుంది.

ఆ లోకంలో జనం ‘నమ్మకపు వలయాలు’గా ఏర్పడతారు. ఒకే కల్పితలోకాన్ని ఇష్టపడేవారంతా కలిసి ఊరిమీద ఒకే చేర్పును చూస్తారు. ఎంత ఎక్కువమంది చేరితే ఆ చేర్పుకు అంత మెరుగు. కానీ అన్నిటి అడుగునా, యంత్రాల గర్భంలో, ప్రభుత్వం ఆధీనంలోని ఒక పొర ఉంటుంది. ఆ యంత్రాలను వాడేవారు విప్పి చూడడానికి వీలుండదు. కథలో ప్రతినాయకుడు ఆల్‌ఫ్రెడ్ వాజ్ భారతదేశపు గూఢచారి విభాగపు అధికారి. ప్రపంచాన్ని మహావినాశం నుంచి కాపాడాలన్నదే అతని కోరిక. అందుకు అతడు ఎంచుకున్న మార్గం మనుషుల చేత తాను కోరినదాన్ని నమ్మించే సాధనం. కంటికి చేర్పు పెట్టడం నుంచి మనసుకు చేర్పు పెట్టడం దాకా ఎంత దూరం ఉందో పాఠకుడే కొలుచుకోవాలి.

గ్రంథాలయం కథ

నవలలో అందరికీ గుర్తుండే ఘట్టం గ్రంథాలయానిది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియేగో ఆవరణలో గైజెల్ గ్రంథాలయం నిజంగా ఉంది. 1970లో కట్టిన ఆ భవనానికి బాలల రచయిత ‘డాక్టర్ స్యూస్’ అసలు ఇంటిపేరును 1995లో పెట్టారు. నవలలో ఒక వ్యాపార సంస్థ అక్కడి పుస్తకాలన్నిటినీ యంత్రంలో వేసి ముక్కలు ముక్కలుగా చింపుతుంది. గాలిలో ఎగిరే ముక్కలను వరుసగా అమర్చిన కెమెరాలు ఫొటోలు తీస్తాయి. చిరుగుల అంచులను పోల్చి కంప్యూటర్లు పేజీలను మళ్లీ కూరుస్తాయి. మానవ జన్యుపటాన్ని ముక్కలుగా చదివి కూర్చిన పద్ధతికి ఇది పేరడీ. ఖాళీ అయిన అరల మీద కల్పిత గ్రంథాలయం కంటికి ఇంపుగా కనిపిస్తూనే ఉంటుంది. గూతో సహా కొందరు వృద్ధులు దీన్ని అడ్డుకోవాలని చూస్తారు. ఆ రాత్రి రెండు నమ్మకపు వలయాలు ఆ భవనం నాది అంటే నాది అని పోరాడతాయి.

ఈ ఘట్టం గాలిలోంచి పుట్టలేదు. 2004 డిసెంబరులో గూగుల్ సంస్థ హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్, మిషిగన్, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల, న్యూయార్క్ ప్రజా గ్రంథాలయపు పుస్తకాలను స్కాన్ చేస్తామని ప్రకటించింది. దానికి ముందే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పది లక్షల పుస్తకాల పథకం మొదలయింది. దానికి ప్రధాన ప్రేరకుడు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ అందులో పాలుపంచుకున్నాయి. 2007 నాటికి పదిహేను లక్షల పుస్తకాలు స్కాన్ అయ్యాయని ప్రకటించారు. వాటిలో తెలుగు పుస్తకాలూ ఉన్నాయి. ఈ పథకాలు పుస్తకాలను చింపలేదు, కేవలం బొమ్మ తీశాయి. వింజీ ఆ పనిని ఒక మెట్టు అతిశయించి చూపి, పాఠకుడిని అడిగాడు: బొమ్మ మిగిలింది కదా, ఇక వస్తువు ఎందుకు?

తోటివారు, తరువాతివారు

ఈ మోజు వింజీ ఒక్కడిది కాదు. విలియం గిబ్సన్ 1993లో ‘వర్చువల్ లైట్’లో దొంగిలించిన కళ్లజోడు చుట్టూ కథ అల్లాడు. అందులో శాన్‌ఫ్రాన్సిస్కో నగరాన్ని పునర్నిర్మించే రహస్య పథకం దాగి ఉంటుంది. 2007లో ‘స్పూక్ కంట్రీ’లో ఒక కళాకారుడు లాస్ ఏంజిలిస్ వీధిలో ఒక నటుడు చనిపోయిన స్థలంలోనే ఆ దృశ్యాన్ని చేర్పుగా నిలబెడతాడు. బ్రూస్ స్టెర్లింగ్ కథలతో సరిపెట్టుకోక, ఈ పరిశ్రమకే మిత్రుడూ విమర్శకుడూ అయ్యాడు. ఫోన్ తెర మీద చేర్పులు చూపే ‘లేయార్’ సంస్థ వారి కార్యక్రమంలో 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రసంగించాడు.

ఇక నిజజీవితంలో జరిగింది చూద్దాం. గూగుల్ గ్లాస్ కళ్లజోడును 2013లో 1500 డాలర్లకు కొందరికి అమ్మి, 2015 జనవరిలో ఆ అమ్మకం ఆపారు. కర్మాగారాలకోసం నిలిపిన రూపాన్ని కూడా 2023లో మానివేశారు. తెరగా పనిచేసే కాంటాక్ట్ లెన్సుమీద కృషి చేసిన మోజో విజన్ 2022లో ఒక నమూనాను కంటిలో పెట్టి పరీక్షించింది, 2023లో ఆ పని విరమించుకుంది. 2024 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థ 3499 డాలర్ల ధరతో ‘విజన్ ప్రో’ను విడుదల చేసింది. వింజీ 2024 మార్చి 20న మరణించాడు. అతని నవల జరిగే 2025 కూడా వచ్చింది. కంటిలోని తెర మాత్రం జనసామాన్యానికి రాలేదు.

కానీ అతని అసలు ప్రశ్న వచ్చింది. 2016 జూలైలో ‘పోకెమాన్ గో’ అనే ఫోన్ ఆట ప్రపంచాన్ని ఊపింది. బొమ్మ జంతువులు నిజమైన వీధుల్లో కనబడేవి. అవి వాషింగ్టన్‌లోని యూదు మారణహోమ స్మారక మ్యూజియంలోనూ, పోలండ్‌లోని ఆష్విట్జ్ స్మారకంలోనూ కనబడ్డాయి. తమ స్థలాలను ఆటనుంచి తొలగించమని ఆ సంస్థలు కోరవలసి వచ్చింది. స్థలం ఒకరిది, దాని మీది చేర్పు మరొకరిది. నేల మీద ఆక్రమణ జరిగితే హద్దురాయి చూపవచ్చు. ఈ ఆక్రమణకు హద్దురాయి ఎక్కడ?

మన సంగతి

ఇప్పుడు మన పాఠకుల దగ్గరకు వద్దాం. బ్రహ్మపూర్ అని బోర్డు ఉన్న స్టేషనులో దిగి బరంపురం అనుకునేవారు, చంద్రపూర్‌ను పెద్దలు చాందా అంటుంటే విన్నవారు ఈ పత్రిక పాఠకుల్లో ఉన్నారు. ఊరి మీద మరో పేరు, మరో కథ పరుచుకుని ఉండడం వారికి చిన్ననాటి నుంచి అలవాటే. ఆ పొర ఏ యంత్రంలోనూ లేదు, ఇంటివారి నోట ఉంది. ఫోన్ కెమెరాను తమిళ బోర్డుకు ఎదురుగా పట్టుకుంటే ఆ అక్షరాల చోటనే మరో భాష అక్షరాలు కనిపించే సౌకర్యం నేడు ఉంది. అది బోర్డు మీది మాటను మార్చి చూపగలదు. బోర్డు మీద లేని పేరును చూపలేదు. నాయనమ్మ చెప్పిన వీధి పేరు ఎవరైనా రాసిపెడితేనే ఏ చేర్పులోనైనా కనబడుతుంది. నమ్మకపు వలయాల లెక్కలో తక్కువమంది ఉన్నవారి పొర పలచగా ఉంటుందని వింజీ చూపించాడు.

గ్రంథాలయం పాఠం కూడా మనకు పరాయిది కాదు. తెలుగు రాజ్యం కాని నేలమీద 1673 దాకా పాలించిన తంజావూరు నాయకరాజుల ఆస్థానంలో తెలుగు కావ్యాలూ యక్షగానాలూ వెలిశాయి. అక్కడి సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలు నేటికీ ఉన్నాయి. తాళపత్రానికి ఫొటో తీయడం అవసరమే. దూరాన ఉన్న విద్యార్థికి అదే ఆధారం. కానీ ఆకు అంచున ఎవరో చేసిన గుర్తు, గంటం ఒత్తిడి, రెండు చేతివ్రాతలు కలిసిన చోటు, పురుగు తిన్న రంధ్రం వెనుకటి ఆకులో ఎక్కడ పడింది అన్నవి మళ్లీ మళ్లీ చూడవలసిన సాక్ష్యాలు. మొదటి ఫొటో తీసినవాడికి అవి ముఖ్యమని తోచకపోవచ్చు. మూలం ఉన్నంతకాలం తరువాతివాడు వచ్చి కొత్త ప్రశ్న అడగగలడు. మూలం పోతే, బొమ్మ తీసినవాడికి తోచిన ప్రశ్నలకే మనం జవాబులు వెతుక్కోవాలి. అంజనం వేసేవాడి మాటే మళ్లీ ప్రమాణం అవుతుంది.

వింజీ యంత్రాన్ని ద్వేషించిన రచయిత కాడు. ఆఖరిదాకా దాన్ని ప్రేమించాడు. గూ పిల్లల మధ్య కూర్చుని నేర్చుకోవడాన్ని అతడు సానుభూతితోనే చిత్రించాడు. నేర్చుకోనివాడికి ఆ లోకంలో చోటు లేదని కూడా చెప్పాడు. అతని మోజులోంచి మనం తీసుకోదగినవి రెండు. ఒకటి, చేర్పు రాసే విద్య నేర్చుకోవాలి. ఎందుకంటే మన పేర్లను మనమే రాసుకోకపోతే ఇతరులు రాసిన పేర్లతోనే మన ఊరు కనబడుతుంది. రెండు, చేర్పు అడుగున ఉన్న వస్తువును, అది రాయి అయినా, ఆకు అయినా, ముసలివారి నోటి మాట అయినా, పోగొట్టుకోకూడదు. సెలవులకు ఊరు వెళ్లే మన విద్యార్థులు తమ పేటలో పెద్దలు వాడే స్థలనామాలను ఒక పుస్తకంలో రాసి, ఏ పేరు ఎవరు చెప్పారో, ఏ నాడు చెప్పారో పక్కన వేసుకుని, ఆ పుస్తకాన్ని జాగ్రత్తగా దాచితే ఆ పని మొదలయినట్టే. ఆ పేర్లను యంత్రంలోకి ఎక్కించడం తరువాత ఎవరైనా చేయగలరు. వాటిని చెప్పగలిగినవారు మాత్రం ఎల్లకాలం ఉండరు.